వర్తకుని వెబ్‌సైటు: మొదటి పుట ఎట్లుండవలెను?

(షోలాపురమున తెలుగు వర్తకుల సమావేశములో చేసిన ఉపన్యాసపు పాఠము)



సంఘమువారు నన్ను ఈ పూట నాలుగు మాటలు చెప్పుమని కోరినప్పుడు విషయమును నా యిష్టమునకే విడిచిపెట్టిరి. మాతృభాషా రక్షణమును గూర్చియు, పాఠశాలలను గూర్చియు చెప్పగల పెద్దలు ఈ వేదిక మీదనే యున్నారు. నేను మెట్రిక్‌తో చదువు చాలించి, ఆ తరువాతి కాలమంతయు చద్దర్లు, టవళ్ళు అమ్ముటలో గడపినవాడను. కావున అంగడి మాటయే చెప్పెదను. మనలో కొన్ని కుటుంబములవారు ఇప్పటికే తమ వ్యాపారమునకు వెబ్‌సైటు పెట్టించుకొన్నారు. మరికొందరు ఆ యత్నములో నున్నారు. వెబ్‌సైటు తెరువగానే కనబడు మొదటి పుటను హోంపేజీ యందురు. అది ఎట్లున్న బేరము కుదురును, ఎట్లున్న వచ్చినవాడు గడపనుండియే మరలిపోవును అనునది నేటి విషయము.

ఇది పిల్లల వేడుక కాదు. పండరిపురము, తులజాపురము, అక్కలకోట యాత్రలకు వచ్చినవారు తిరుగు ప్రయాణమున షోలాపురములో ఆగి, రెండు చద్దర్లు సంచిలో పెట్టుకొని పోవుట మన తండ్రుల నాటినుండి యున్న ఆచారము. ఆ వచ్చినవాడు అంగడి చూచును, బట్టను వ్రేళ్ళతో నలిపి చూచును, మన మాట తెలుగని గుర్తుపట్టి ఊరేదని అడుగును. బేరము సగము అక్కడనే తీరును. నేడు కరీంనగరములోని గృహిణి ఇల్లు కదలకుండ ఫోనులో వెదకుచున్నది. ఆమెకు మొదట ఎదురగునవి పెద్ద ఆన్‌లైను అంగళ్ళు. వానిలో మన సరకు పెట్టవద్దని నేననను, నేనును పెట్టుచున్నాను. కాని అక్కడ కొన్నవారు మనవారు కారు, ఆ కంపెనీవారి ఖాతాదారులు. మన చద్దరు ప్రక్కనే మరియొకరి చద్దరు పది రూపాయలు తక్కువకు చూపుదురు. వేరొక ఊర నేసిన దుప్పటికి షోలాపురము పేరు తగిలించి అమ్ముటయు మనమెరిగినదే. మన పేరుతో, మన షరతులతో, నడుమ ఎవరును లేక కొనువానిని పలుకరింపగల చోటు మన సొంత పుట ఒక్కటే. మూడు తరముల మరమగ్గము మీద సంపాదించిన పేరు నిలుచునో జారునో అక్కడ తేలును.

ఈ వెబ్ అనుదానికి మూలపురుషుడు టిమ్ బెర్నర్స్ లీ అను ఆంగ్లేయుడు. జెనీవా యొద్ద సెర్న్ అను పరమాణు పరిశోధనాలయములో పనిచేయుచు 1989లో ఈ పథకమును ప్రతిపాదించెను. 1991లో మొదటి వెబ్‌సైటు వెలసినది. 1993 ఏప్రిల్ 30వ తేదీన సెర్న్‌వారు దీనిని ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని ప్రకటించిరి. ఆ మొట్టమొదటి పుటలో బొమ్మ లేదు, రంగు లేదు. ఈ పని యేమి, దీనిని చేయుచున్నవారెవరు, సహాయము కావలసిన ఎక్కడ నొక్కవలెను, అంతే యుండెను. నేడు వేలకు వేలు పోసి చేయించిన పుటలు కొన్ని చూచినప్పుడు, ఆ బోసి పుటయే మేలని నాకు తోచును.

అంగడికి వచ్చిన కొత్తవాడు నోరు తెరిచి అడుగకున్నను అతని కన్నులు అడుగు ప్రశ్నలు కలవు. ఇక్కడ ఏమి అమ్ముదురు? నాకు కావలసినది ఉన్నదా? వెల నా అందుబాటులో నున్నదా? వీరు నమ్మదగినవారా? కొనవలెనన్న ఎవరిని అడుగవలెను? అంగడిలో ఈ ప్రశ్నలకు బీరువాలు, తక్కెడ, గల్లాపెట్టె వద్ద కూర్చున్న మనిషి ముఖము జవాబు చెప్పును. ఫోనులో అరచేయి యంత కిటికీ మాత్రమే యున్నది. ఆ కిటికీలో, వ్రేలితో క్రిందికి జరుపక మునుపే, ఈ ప్రశ్నలలో కొన్నింటికైనను జవాబు దొరకవలెను.

కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయమున గిట్టి లిండ్‌గార్డ్ అను విదుషి, ఆమె సహచరులు 2006లో ఒక పరిశోధనను ప్రకటించిరి. పుట చూడ బాగున్నదా లేదా అను అభిప్రాయము చూపరి మనస్సులో సెకనులో ఇరువదవ వంతు కాలముననే ఏర్పడునట. దీనిని చూపి వెబ్‌సైటు చేయువారు రంగులకును హంగులకును ఎక్కువ సొమ్ము అడుగుదురు. పుట శుభ్రముగ నుండవలెను, నిజమే. కాని నచ్చుట వేరు, కొనుట వేరు. రెప్పపాటున నచ్చినవాడు నిలిచి చదువును. చదివినదానిలో పస లేకున్న లేచిపోవును.

అందుచే అన్నిటికంటె మీదనుండు రెండు పంక్తులను గూర్చి కొంచెము విస్తరించి చెప్పెదను. మనవారి పుటలలో ఎక్కువగా కనబడు మాట "మా వెబ్‌సైటునకు స్వాగతము" అనునది. దాని క్రింద "నాణ్యతయే మా ధ్యేయము, వినియోగదారుని సంతృప్తియే మా పరమార్థము" అని యుండును. ఇది ఎవరికిని ఏమియు చెప్పదు. ఒక పరీక్ష చేసి చూడుడు. అంగడి పేరును బొటనవ్రేలితో మూసి, మిగిలిన పంక్తిని చదువుడు. ఆ పంక్తి బీడీ కంపెనీకిని, కండ్ల ఆసుపత్రికిని, పెండ్లిమండపమునకును సమానముగ అతికినచో దానిని తుడిచివేయుడు. దాని స్థానమున ఇట్లు వ్రాయవచ్చును: "షోలాపురము నూలు చద్దర్లు, టవళ్ళు. మా సొంత మరమగ్గములపై నేసినవి. ఒక్కటి కావలెనన్నను, లాడ్జీకి వంద కావలెనన్నను ఇంటికి పంపెదము." ఏమి అమ్ముదుము, ఎక్కడిది, ఎవరు నేసినది, ఎవరికి అమ్ముదుము అనునవి నాలుగును ఇందులో వచ్చినవి. సొంత మగ్గములు లేక, కొని అమ్మువారైనచో ఆ మాట వ్రాయరాదు. "నలుబది మగ్గములవారి సరకు ఏరి తెచ్చి అమ్ముదుము" అని వ్రాసినను అది గౌరవమే, అది నిజమైనచో.

ఇక్కడ మాటల ఎంపిక కూడ ముఖ్యము. మనము షోలాపురమందుము, మరాఠీ పుస్తకములలో సోలాపూర్ అని యుండును. ఆంగ్ల లిపిలో రెండు విధములుగను వ్రాయుదురు. మనము చద్దరందుము, కొందరు చాదరందురు, తెలంగాణములోని కొనుగోలుదారు దుప్పటి యని వెదకును. వెదకువారు ఏ మాటతో వెదకుదురో ఆ మాట మన పుటలో అక్షరముల రూపమున ఉన్నగాని వెదకు యంత్రమునకు మనము కనబడము. అట్లని ఒకే మాటను ఇరువది మారులు కుక్కినను ప్రయోజనము లేదు; చదువువానికి విసుగు. సహజముగ వాక్యములో పడినట్లు రెండు మూడు రూపములు వాడిన చాలును.

మీద ఐదారు బొమ్మలు ఒకదాని వెనుక ఒకటి జరిగిపోవునట్లు పెట్టుట మరియొక వాడుక. సినిమా ముందు స్లైడులవలె నుండునని మనవారికి దానిపై మోజు. అమెరికాలోని నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయపు వెబ్‌సైటున ఇట్టి జరుగు బొమ్మలను ఎందరు నొక్కుచున్నారని 2013లో లెక్కచూడగా నూటికి ఒకరు తేలిరి. ఆ నొక్కినవానిలోను అధిక భాగము మొదటి బొమ్మకే పడినవి. ఒక్క మంచి బొమ్మ పెట్టి తక్కినవి మానుడు.

ఆ ఒక్క బొమ్మ మాట. ఇంటర్నెట్టు నుండి తెచ్చిన దొరసాని నవ్వుచు పరుపు మీద కూర్చున్న బొమ్మ మన చద్దరును అమ్మదు. కొనువానికి కావలసినది వేరు. నేత దగ్గరగ కనబడవలెను. జకార్డు పువ్వు అంచు వరకు సరిగ వచ్చినదా లేదా తెలియవలెను. చద్దరును ఒక మూల మడచి వెనుక వైపును చూపవలెను. ఎరిగినవాడు వెనుక వైపే ముందు చూచును. ప్రొద్దున తొమ్మిది గంటల వెలుతురులో గుమ్మము వద్ద తీసిన బొమ్మలో రంగు నిజమునకు దగ్గరగ నుండును. దుకాణములోని తెల్లని లైట్ల క్రింద ఎరుపు నారింజగ మారును. పరచిన మంచమును, ప్రక్కన నిలుచున్న మనిషిని చూపిన, కొలత కంటికి తెలియును. బొమ్మ క్రింద అంగుళములు వ్రాయుడు, 60 × 90 అని. బరువు గ్రాములలో వ్రాయుడు. మనవారు బరువు చెప్పుటకు వెనుకాడుదురు గాని, మంచి చద్దరు నేసినవానికి బరువు కంటె గొప్ప సాక్షి లేదు.

ఇంకొక సంగతి, బొమ్మ యొక్క కంప్యూటరు బరువు. ఫోనుతో తీసిన బొమ్మ నాలుగైదు మెగాబైట్లుండును. అట్టివి పదింటిని ఉన్నవియున్నట్లు పుటలో పెట్టినచో, పల్లెలో నున్న కొనుగోలుదారు ఫోనులో ఆ పుట పొయ్యిమీది పప్పువలె ఉడుకుచునే యుండును. బొమ్మను తెరకు తగినంత చిన్నది చేసి, వెబ్‌పీ వంటి రూపమునకు మార్చిన, కంటికి భేదము తెలియకుండ 200 కిలోబైట్ల లోపునకు దిగును. గూగుల్‌వారు 2020లో ప్రకటించిన కొలత ప్రకారము, పుటలోని ముఖ్యమైన పెద్ద భాగము రెండున్నర సెకనులలో కనబడిన అది మంచి పుట. అంతేకాదు, వెదకు ఫలితముల కొరకు వారు పరిశీలించునది ఫోనులో కనబడు రూపమునే. ఆ మార్పు 2023 నాటికి పూర్తియైనది. వెబ్‌సైటు చేసినవాడు తన పెద్ద కంప్యూటరు తెర మీద చూపినప్పుడు మురిసిపోకుడు. మీ యింట నున్న అన్నిటికంటె చవుక ఫోనును తీసికొని, వైఫై ఆపి, దానిలో తెరువుమనుడు.

ధర వేయవలెనా వద్దా యనునది మనలో పెద్ద తగవు. ప్రక్కవాడు చూచి రెండు రూపాయలు తగ్గించునని భయము. అయ్యా, ప్రక్కవానికి మన ధర ఇప్పుడు మాత్రము తెలియదా? తెలియనిది కొనువానికే. ధర లేని పుటను చూచి, ఫోను చేసి కనుగొందమను ఓపిక గలవారు కొందరే. తక్కినవారు ధర వేసినవాని వద్దకు పోవుదురు. చిల్లర ధర వేయుడు. టోకు ధర వేయనక్కరలేదు. ఎన్ని డజనులు మొదలు టోకుగ నిత్తురో చెప్పి, ఫోను నంబరు నిండు. పంపు ఖర్చు వేరైనచో అదియు ధర ప్రక్కనే ఉండవలెను. చివర డబ్బు కట్టు వేళ ఒక్కొక్క రుసుమునే బయటపెట్టుట, అడుగని వస్తువును బుట్టలో చేర్చుట, "ఇంక రెండే మిగిలినవి, పది నిమిషములలో కొనుడు" అని లేని తొందర పుట్టించుట, ఇవి 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వమువారు ప్రకటించిన మార్గదర్శక సూత్రములలో నిషేధింపబడిన 13 మోసపు పద్ధతులలోనివి. వెబ్‌సైటు చేయువారు ఇట్టివానిని అమ్మకము పెంచు ఉపాయములని మనకు అంటగట్ట జూతురు. ఒప్పుకొనకుడు.

చట్టము మాట వచ్చినది కనుక మరికొంత. అంగడి గుమ్మము మీది బోర్డున జీఎస్టీ నంబరు వ్రాయవలెనని మనకందరకు తెలియును. వెబ్‌సైటు మీద అమ్మువారికి 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్సు నియమములు కలవు. వ్యాపారము యొక్క చట్టబద్ధమైన పేరు, ముఖ్య కార్యాలయపు చిరునామా, ఈమెయిలు, ఫోను నంబరు, ఫిర్యాదులు వినువాని పేరును వివరములును స్పష్టముగ కనబడునట్లు పెట్టవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి, ఒక నెలలోపల దానిని పరిష్కరింపవలెను. మన చిన్న కుటుంబపు వ్యాపారములలో ఆ ఫిర్యాదుల అధికారి పెద్దకుమారుడో కోడలో యగును. సంకోచములేక వారి పేరు వ్రాయుడు. చట్టము కొరకు వ్రాసిన ఆ నాలుగు పంక్తులే కొత్తవానికి అన్నిటికంటె ఎక్కువ నమ్మకము కలిగించును. మోసము చేయదలచినవాడు చిరునామా వేయడు గదా. మన వీధులు కొత్తవానికి చిక్కుముళ్ళు. కావున పటములో అంగడి చోటును గుర్తించి ఆ లంకెయు ఇండు. ఏ గంట మొదలు ఏ గంట వరకు తెరచియుండునో, వారములో సెలవు ఏ దినమో వ్రాయుడు. ఫోను నంబరును బొమ్మలో చెక్కి పెట్టకుడు. అక్షరములుగ నున్నప్పుడే వ్రేలితో నొక్కగానే ఫోను మ్రోగునట్లు చేయవచ్చును.

షోలాపురము చద్దరుకును, షోలాపురము టెర్రీ టవలుకును భౌగోళిక సూచిక నమోదు కలదు. 1999 నాటి చట్టము ప్రకారము ఆ సూచికను వాడుకొను హక్కు అధీకృత వాడుకదారుగ నమోదైన ఉత్పత్తిదారునిది. అట్లు నమోదైనవారు ఆ సంగతిని, నమోదు సంఖ్యతో సహా, మొదటి పుటలోనే చెప్పుకొనవలెను. ఇంతకు మించిన భూషణము లేదు. నమోదు కానివారు ముందు ఆ దరఖాస్తు పెట్టుకొనుడు, తరువాత ముద్ర వేసికొనుడు. నకిలీ సరకు మీద మనము మొఱ పెట్టుకొనుచు, మనవారే హక్కులేని ముద్రను పుటకు అతికించిన మన మొఱ ఎవరు విందురు? బరంపురము పట్టునకును ఇట్టి నమోదు కలదు. అక్కడి మన సోదరులు ఈ పత్రిక చదువుచున్నారు కనుక వారికిని ఈ మాట.

ఇక భాష. ఇది మన సంఘపు సభ కాకపోయినను ఈ సంగతి నేను చెప్పియే యుందును. మహారాష్ట్రమున అంగడి బోర్డు దేవనాగరి లిపిలో మరాఠీలో నుండవలెనని 2022లో చట్టమును సవరించి బిగించిరి. దానిని మనము పాటించుచున్నాము, పాటింపవలసినదే. ఈ నేల మనకు అన్నము పెట్టినది. వెబ్‌సైటున మరాఠీకి, హిందీకి, ఆంగ్లమునకు చోటున్నట్లే తెలుగునకును చోటున్నది. అది అభిమానము కొరకు మాత్రమే కాదు. హైదరాబాదు, వరంగల్లు, కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములతో మనకు పెండ్లి సంబంధములున్నవి, వ్యాపారమున్నది. అక్కడి కొనుగోలుదారు షోలాపురపు అంగడి తనతో తెలుగులో మాటలాడుట చూచి నిలిచిపోవును. వందలాది మంది అమ్మువారిలో మనలను వేరుపరచునది అదియే. మన పిల్లలు కొందరు ఇంట తెలుగు పలుకుదురు గాని తెలుగు చదువలేరు. వారికై మరాఠీ పుట ఉండనే యున్నది. ఒకటి మాత్రము సత్యము. తెలుగు పుట పెట్టినవారు ఫోను దగ్గర తెలుగు పలుకు మనిషిని కూర్చుండబెట్టవలెను.

ఆ తెలుగు ఎట్టిదై యుండవలెను? యంత్రానువాదమునకు విడిచిన పుటను ఒకదానిని నేను చూచితిని. పుట మీద "హోం" అనుచోట "ఇల్లు" అని పడినది. కొనదలచిన వస్తువులు పెట్టుకొను "కార్టు" అనుచోట "బండి" అనియున్నది. "ఇల్లు, బండి" అని వరుసగ చదివినవాడు ఇది స్థలములు, వాహనములు అమ్ము దళారి పుట యనుకొనును గాని చద్దర్ల అంగడి యని ఎట్లనుకొనును! "మొదటి పుట", "మీ బుట్ట", "డబ్బు కట్టుట", "మాతో మాటలాడుడు" అని మన ఆడువారు బజారులో పలుకు మాటలు చాలును. యంత్రము తర్జుమా చేసినను, ఇంటిలోని పెద్దవారొకరు చదివి దిద్దిన పిదపనే పెట్టవలెను. భాషలను ఎంచుకొనుచోట ఏ భాష పేరు ఆ భాష లిపిలోనే వ్రాయుడు. తెలుగు మాత్రమే చదువగలవానికి తెలుగు అను మాట ఆంగ్లలిపిలో కనబడిన ఏమి లాభము?

తెలుగు అక్షరములను బొమ్మగ చేసి పెట్టు అలవాటు పూర్వము ఫాంటులు సరిగ లేని దినములలో వచ్చినది. ఇప్పుడు దాని అవసరము లేదు. యూనికోడులో తెలుగునకు 1991 నాటి మొదటి కూర్పునుండియు చోటున్నది. మంచి ఫాంటులు ఉచితముగనే దొరకుచున్నవి. బొమ్మలోని అక్షరములను కండ్లు లేనివారికి చదివి వినిపించు యంత్రము చదువలేదు. వ్రేలితో పెద్దది చేసిన అలికినట్లగును. మరియొకటి గమనింపుడు. ఆంగ్లము కొరకు తయారైన అచ్చులలో పంక్తికిని పంక్తికిని నడుమ ఎడము చాలదు. మన లిపికి పైన గుడులు, క్రింద వత్తులు కలవు. ఆ ఇరుకులో "లక్ష్మీ" అని వ్రాసిన వత్తుల కాళ్ళు తెగిపోవును. శుభమా అని పేరు పెట్టుకొన్న అంగడికి అది యేమి శకునము! ఎడము పెంచుమని, అక్షరము ఒక మెట్టు పెద్దది చేయుమని చెప్పుడు. లేత బూడిదరంగు అక్షరములు తెల్లని నేల మీద నాజూకుగ నుండునని చేయువారందురు. అక్షరపు రంగునకును నేల రంగునకును నడుమ వెలుగు భేదము 4.5కు ఒకటి పాలైనను ఉండవలెనని అంతర్జాతీయ ప్రమాణము కలదు. దానిని కొలిచి చూపు ఉచిత సాధనములున్నవి. చత్వారము వచ్చిన మనబోటివారి కొరకు ఆ మాత్రము చేయుట న్యాయము.

తాతగారి ఫోటో పెట్టవచ్చునా యని నిన్ననొకరు అడిగిరి. పెట్టవచ్చును, మగ్గము దగ్గర తీసినదైన మరియు మంచిది. మార్కండేయస్వామి బొమ్మయు పెట్టుకొనుడు. కాని అవి క్రింద నుండవలెను, మీది కిటికీని సరకునకు విడువవలెను. అంగడిలోను పటములు గోడకే గదా యుండును, బల్లమీద బట్టయే యుండును. పుట తెరువగానే పాట మ్రోగుట, ఎందరు చూచిరో చెప్పు అంకెలు, మెరయు అక్షరములు వద్దు. తెలిసినవారిచేత కొనుగోలుదారులవలె పొగడ్తలు వ్రాయించుట 2020 నియమముల ప్రకారము కూడనిది. నిజముగ కొన్నవారు వ్రాసినది రెండు మాటలైనను, అందులో చిన్న నిష్ఠూరమున్నను, అదియే మేలు.

పుటను ఎన్ని పనులకు వాడవలెనో ముందే నిశ్చయించుకొనవలెను. చిల్లరగ కొనువానికి ఒక ద్వారము, టోకుగ కొనువానికి ఒక ద్వారము, ఈ రెండు చాలును. ఎనిమిది మీటలు ఒకే రంగున ఒకే పరిమాణమున పెట్టిన చూచువాడు దేనిని నొక్కడు.

ఇప్పుడు చెప్పబోవునది పుట అందమునకు సంబంధించినది కాదు గాని, ఇది లేకున్న పుటయే లేదు. వెబ్‌సైటు పేరు ఎవరి పేర నమోదైనది? మనలోనే ఒక వర్తకునకు పుట చేసిపెట్టినవాడు ఆ పేరును తన పేరనే నమోదు చేసికొని, మూడేండ్ల తరువాత మాటామాటా వచ్చి, పుటను మూసి కూర్చుండెను. బిల్లు పుస్తకముల మీద, సంచుల మీద అచ్చువేయించిన పేరు పరుల చేతిలో చిక్కినది. అంగడి మడిగెకు అద్దె చీటీ మన పేర వ్రాయించుకొనక తాళము వేయుదుమా? పేరు నమోదు మీ పేర, మీ ఈమెయిలుతో, మీ ఫోనుకే సంకేతము వచ్చునట్లు చేయించుడు. దానికి ఏటికి అగు రుసుము సాధారణముగ కొన్ని వందలు మొదలు వేయి పైచిలుకు రూపాయలు. గడువు తేదీని దీపావళి లెక్కల పుస్తకములో వ్రాసికొనుడు. పుటకు భద్రతా పత్రము లేకున్న, 2018 జూలై నుండి క్రోము బ్రౌజరు అది సురక్షితము కాదని చూపరికి చెప్పుచున్నది. ఆ భద్రతా పత్రము ఉచితముగ నిచ్చు సంస్థలు 2015 నుండియు కలవు. దానికై వేలు అడిగినవానిని ఎందుకని ప్రశ్నింపుడు.

పుట తయారైన పిమ్మట పరీక్ష. జాకబ్ నీల్సన్ అను నిపుణుడు ఐదుగురు మనుష్యులతో పరీక్షించిన చాలు, లోపములలో అధిక భాగము బయటపడునని 2000లో వ్రాసెను. ఆ ఐదుగురిలో మన వ్యాపారము తెలిసినవారు ఉండరాదు. ప్రక్కయింటి అమ్మకు ఫోను ఇండు. ఐదు సెకనులు చూడనిచ్చి తీసికొనుడు. "ఏమి అమ్ముచున్నారమ్మా? ఏ ఊరు? కొనవలెనన్న ఏమి చేయుదువు?" అని అడుగుడు. తరువాత ఫోను మరల ఇచ్చి, ఒక డబుల్ చద్దరు ధర కనుగొనుమనుడు. ఆమె తడబడుచున్నప్పుడు వ్రేలు చాచి "ఇదిగో ఇక్కడ" అని చూపకుడు. మన వర్తకులకు అది మిక్కిలి కష్టము, నాకు తెలియును, నోరు ఊరకుండదు. అయినను చేతులు కట్టుకొని చూచుచుండుడు. ఆమె వ్రేలు ఎక్కడ ఆగినదో అక్కడ దిద్దుపాటు కావలెనని వ్రాసికొనుడు.

సభ ముగిసిన తరువాత నేను వెనుక వరండాలో కూర్చుండెదను. తమ పుటలు చూపదలచినవారు ఫోనులతో రండు. ఆడువారి వైపునుండి పుట ఎరుగని ఐదుగురు తల్లులు అరగంట ఆగిన, ఈ పరీక్ష నేడే చేసి చూతము. టీ ఏర్పాటు సంఘమువారిది.